మన ఆశా అక్కల కోసం పద్మనాభం మెట్లెక్కాం

(సంఘం యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరసలో కూర్చున్న మా హాస్టల్ పాత విద్యార్థినులకు, వెనక గోడకి ఆనుకుని థింసా ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్న తమ్ముళ్లకు ఆశీస్సులు. మాకు 20 నిమిషాలు ఇచ్చారు. టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లకి మైకు ఇస్తే పీరియడ్ మొత్తం తీసుకుంటారని మీకు తెలుసు. అయినా త్వరగానే ముగించడానికి చూస్తాం.

ముందు ఒక మాట. మేం 'మేం' అని మాట్లాడుతున్నాం. అందులో ఒక్క వార్డెనే లేదు. మా హాస్టల్లో వంట చేసే అక్క ఉంది, రాత్రి కాపలా ఉండే తాత ఉన్నాడు, మెట్లెక్కిన ఎనిమిది మంది ఉన్నారు, కింద నీళ్ల బిందెల దగ్గర నిలబడిన ఇంటర్ పిల్లలున్నారు. వీళ్లలో ఎవర్ని తీసేసినా ఈ కథ జరిగేది కాదు.

పద్మనాభం మీలో చాలామంది చూసిందే. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. పైకి వెయ్యికి పైగా మెట్లు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరాడి ప్రాణం విడిచింది ఇక్కడే. పక్కనే గోస్తనీ పారుతుంది. ఆ ఏరు మన అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండల మీద నుంచి కొత్తగా వచ్చిన పిల్ల మొదటి రాత్రి ఏడుస్తుంటే మేం చెప్పే మాట ఒకటుంది. "ఈ ఏటి నీళ్లు మీ కొండల్లోంచే వచ్చాయమ్మా. దారి తెలిసిన నీళ్లు. నువ్వు కూడా మళ్లీ వెళ్తావు." సగం మంది ఆ మాటకి ఊరుకుంటారు. మిగతా సగం మందికి బెల్లం ముక్క ఇవ్వాలి.

ఇప్పుడు అసలు విషయం.

మన గూడేల్లో ఆశా అక్క తెలియని ఇల్లు లేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఈ వ్యవస్థ వచ్చింది. మామూలుగా వెయ్యి మంది జనాభాకి ఒక ఆశా ఉండాలి. కొండ ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరు ఉండొచ్చని సడలింపు ఇచ్చారు. గర్భిణిని గుర్తించడం, పేరు నమోదు చేయించడం, కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్లడం, జ్వరం వస్తే మలేరియా పరీక్ష, క్షయ రోగి రోజూ మందు మింగాడా లేదా చూడటం, ఇవన్నీ ఆవిడ పనే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్లి బిడ్డను తూచి, ఒళ్లు వేడిగా ఉందో చల్లగా ఉందో చూసి, రిజిస్టర్లో రాయాలి. ఆరు రోజులకి ఆరు గళ్లు. ఈ ఆరు గళ్లని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది, 2021లో, పక్క రాష్ట్రం ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా ఆశా మతిల్దా కుల్లు పేరు ఫోర్బ్స్ ఇండియా శక్తిమంతులైన మహిళల జాబితాలో వచ్చింది. ఆవిడ కూడా మనలాగా గిరిజన బిడ్డ. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగిన మనిషి. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లండని చెప్పినందుకు మొదట్లో ఊళ్లో జనం నవ్వారట. చప్పట్లు కొట్టాల్సిన విషయాలే ఇవి. కానీ అవార్డు వచ్చిన మర్నాడు ఉదయం కూడా ఆ గెడ్డ దాటాల్సిందే కదా. మేం చెప్పబోయేది ఆ మర్నాటి గురించి.

మా హాస్టల్లో చదివే ఒక పిల్లకి అక్క ఉంది, ఆశాగా పనిచేస్తుంది. పేరు చెప్పం. ఊరు కూడా చెప్పం. ఈ ప్రసంగం రాసుకున్నాక మొదట ఆవిడకే చదివి వినిపించాం. "పేరు వద్దు మేడం, మిగతాది చెప్పండి, ఇంకొకరికి పనికొస్తుంది" అంది. ఆ అనుమతితోనే చెబుతున్నాం.

వానాకాలం. ఒక గర్భిణికి రాత్రి నొప్పులు మొదలయ్యాయి. గెడ్డ పొంగింది. నలుగురు మగవాళ్లు డోలీ కట్టారు. అక్క టార్చిలైటు పట్టుకుని ముందు నడిచింది. రోడ్డు చేరేసరికి తెల్లారింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. ముందే ఎందుకు తీసుకెళ్లలేదు అన్నవాళ్లే, వారం ముందు ఆసుపత్రిలో ఉండమని ఆవిడ బతిమాలితే పంపనివాళ్లు. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు. మర్నాడు జ్వరాల సర్వేకి వెళ్లింది. మూడో రోజు పొద్దున్నే, అలవాటు కొద్దీ, తూకం సంచీ భుజానికి తగిలించుకుని ఆ బిడ్డ ఇంటికి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్లాక గుర్తొచ్చింది. రిజిస్టర్లో ఆ తల్లి పేరుకి ఎదురుగా ఆరు గళ్లు అలాగే ఖాళీగా ఉండిపోయాయి.

రెండు నెలల తరవాత చెల్లెల్ని చూడటానికి మా హాస్టల్‌కి వచ్చింది. వరండాలో కూర్చుంది. అన్నం పెడితే కలిపి వదిలేసింది. ఆ రోజు మేం మెస్ బిల్లులు సరిచూసుకుంటున్నాం. తల ఎత్తి ఆవిడ మొహం చూశాం, ఏదో తేడాగా ఉందనిపించింది. అప్పుడు మేం ఏమన్నామో తెలుసా? "ఉద్యోగం అన్నాక ఇవన్నీ ఉంటాయమ్మా. ధైర్యంగా ఉండు." టీ ఇచ్చి, బస్సు టైమవుతోందని పంపించేశాం.

ట్రైనింగ్ కాలేజీలో పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరు రాసి పాసయ్యాం మేం. ఏళ్ల తరబడి పిల్లల మొహాలు చూసి ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చెప్పగలం. ఎదురుగా కూర్చున్న పెద్ద మనిషి మొహం చదవలేకపోయాం. చదివే తీరిక చేసుకోలేదు అంటే ఇంకా నిజం.

కొద్ది రోజులకి ఆ చెల్లెలు రాత్రి స్టడీ అవర్లో వచ్చి, ఇంటి నుంచి ఫోన్ వచ్చిందని చెప్పింది. అక్క నిద్రపోవడం లేదు, రాత్రిపూట లేచి గెడ్డ ఒడ్డున ఒక్కర్తే కూర్చుంటోంది అని. మర్నాడు తెల్లారగానే బయల్దేరాం. ఆ ఊరి ఏఎన్ఎం కూడా తోడు వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆ అక్క మొదట అడిగిన ప్రశ్న ఇది. "నాకు పిచ్చి అని రాస్తారా? ఉద్యోగం తీసేస్తారా?"

ఈ భయం మన కొండల్లోనే ఉందనుకోకండి. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో పనిచేసే లోర్నా బ్రీన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, కోవిడ్ రోగులకి వైద్యం చేసి చేసి అలసిపోయి, ప్రాణం తీసుకుంది. సాయం అడిగితే తన వృత్తికే ముప్పు వస్తుందని ఆవిడ భయపడిందని కుటుంబం చెప్పింది. ఆ తరవాత వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం ఆవిడ పేరుతోనే 2022 మార్చిలో అమెరికాలో చట్టం వచ్చింది. అంత పెద్ద నగరంలో అంత చదువుకున్న డాక్టరు భయపడినదానికే మన ఆశా అక్క కూడా భయపడింది. కొండైనా పట్నమైనా మనిషి మనసు ఒకటే.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు అని, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని అది చెబుతుంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరెత్తితే మన జిల్లాల్లో ఎగతాళి. "చినవాల్తేరు పంపాలి" అని మీరూ స్నేహితుల్ని ఏడిపించి ఉంటారు. ఆ మాట విన్న వాళ్లలో ఒకరికి నిజంగా అక్కడికి వెళ్లాల్సిన అవసరం ఉండి, మీ నవ్వుకి భయపడి ఆగిపోయి ఉండొచ్చు. ఇవాళ్టి నుంచి ఆ హాస్యం మానేద్దాం. ఇది మా మొదటి విన్నపం.

అక్కకి వైద్యం అందింది. మందులు కొన్నాళ్లు, మాట్లాడటం చాలా రోజులు. నెమ్మదిగా కోలుకుంది. మళ్లీ పనిలోకి వెళ్లింది. ఒకరోజు హాస్టల్‌కి వచ్చి, తన రిజిస్టరు మా ముందు తెరిచి పెట్టి, "ఊళ్లో అందరి పేర్లూ ఇందులో ఉన్నాయి మేడం. నా పేరు రాసుకునే గడి లేదు" అంది.

ఆ గడి మనం గీయాలి అనుకున్నాం. అక్కడ మొదలైంది ఈ మెట్ల పని.

డబ్బు కావాలి. ఎందుకు? ఆశాలు, ఏఎన్ఎంలు నెలకి ఒక్క పూట ఒకచోట కూర్చోవాలంటే బస్సు చార్జీలు కావాలి, భోజనం కావాలి, విశాఖ నుంచి కౌన్సెలర్ రావాలంటే ఆవిడ దారి ఖర్చులు, ఫీజు కావాలి. ఎవరికైనా డాక్టరు అవసరమైతే తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి కావాలి.

చందా అంటే మనకి కొత్త కాదు. ఇటుకల పండగలో దారికి అడ్డంగా కర్ర పెట్టి పజోరు వసూలు చేసే జాతి మనది. జీపు ఆగుతుంది, పాట పాడతాం, నవ్వుతూ ఇస్తారు. ఉట్టినే చెయ్యి చాచం. అలాగే ఇక్కడ కూడా మనం ఏదైనా చేసి చూపించి అడగాలి. అప్పుడు మా పాత విద్యార్థిని ఒకమ్మాయి, డిగ్రీ చదువుతోంది, అంది: "అక్కలు రోజూ కొండెక్కుతున్నారు కదా. మనం ఒక్కరోజు ఎక్కుదాం. ఎన్నిసార్లు ఎక్కితే అన్ని పదులు."

ఇలాంటివి లోకంలో ఉన్నాయి. ఇంగ్లండులో కెప్టెన్ టామ్ మూర్ అని ఒక తాత. 2020 ఏప్రిల్‌లో, నూరో పుట్టినరోజుకి ముందు, వాకర్ పట్టుకుని తన పెరట్లో 25 మీటర్ల దారిని 100 సార్లు నడుస్తానన్నాడు. వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకున్నాడు. 3 కోట్ల 20 లక్షల పౌండ్లకి పైగా వచ్చాయి. ఆ సొమ్ము అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల ధర్మ సంస్థలకి వెళ్లింది. అలసిన నర్సులకి విశ్రాంతి గదులు, కౌన్సెలింగ్ లాంటివి ఆ సంస్థలు ఏర్పాటు చేశాయి.

అంత దూరం ఎందుకు, మన విశాఖ సముద్రమే సాక్షి. సామర్లకోటకి చెందిన గోలి శ్యామల గారు 52 ఏళ్ల వయసులో విశాఖపట్నం నుంచి కాకినాడ వరకు సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో ఈదారు. రోజుకి కొంత దూరం చొప్పున ఈది 2025 జనవరి మొదటి వారంలో ఒడ్డు చేరారు. ఇంక మన గిరిజన బిడ్డ మలావత్ పూర్ణ సంగతి మీకు చెప్పాలా? నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, గురుకులం పిల్ల. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే శిఖరం చేరాడు. వాళ్లిద్దరూ భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకున్నారు. పెద్ద కొండకి ముందు చిన్న కొండ ఉంటుంది. మా చిన్న కొండ పద్మనాభం.

ఈ మాట ఊళ్లో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచాడు. మా అందరికీ మావయ్య వరస. "జీతం తీసుకునే వాళ్లకి మనం చందా వెయ్యడమేంటి? అయినా మనసు చెదిరితే దిసారి ఉన్నాడు కదా" అన్నాడు. మొదటి ప్రశ్న సబబైనది. జీతం, సెలవు, రోడ్డు, అంబులెన్సు ఇవ్వాల్సింది సర్కారే. మన పజోరు దానికి బదులు కాదు, ఆ అడగడం ఆపకూడదు. కానీ సర్కారు గడి గీసేదాకా ఆ మనిషి గెడ్డ ఒడ్డున కూర్చోవాలా? ఇది మా జవాబు. రెండో ప్రశ్నకి ఆ అక్కే బదులిచ్చింది. "మావయ్యా, దిసారి దగ్గరికీ వెళ్లాను. మంత్రం వేశాడు, మంచిగా మాట్లాడాడు. డాక్టరు మందు కూడా మానొద్దని ఆయనే చెప్పాడు." మావయ్య కాసేపు చుట్ట కాల్చుకుని, "అయితే నా పేరు కూడా రాయండి, రౌండుకి పది" అన్నాడు.

కార్తీకమాసం రద్దీ అయ్యాక ఒక ఆదివారం పెట్టుకున్నాం. గుడివాళ్లని అడిగి, దర్శనానికి వచ్చేవాళ్లకి అడ్డు రాకుండా ఒక పక్కగా ఎక్కుతామని మాట ఇచ్చాం. ఎక్కేవాళ్లం ఎనిమిది మందిమి, అందరం 18 దాటినవాళ్లమే. ముందు వారం బీపీ చూపించుకున్నాం. ఇంటర్ పిల్లలకి నీళ్లు, మజ్జిగ, చోడి అంబలి అప్పగించాం. అందరం కలిసి 50 సార్లు ఎక్కాలని లెక్క. లెక్క రాసేది ఎవరు? ఆ అక్కే. కింద మెట్టు మీద రిజిస్టరు పెట్టుకుని కూర్చుంది. మా పేర్లు, ఎదురుగా గళ్లు. ఒక్కో రౌండుకి ఒక టిక్కు.

తెల్లవారుజామున మంచులో మొదటి రౌండు సంతోషంగా అయింది. రెండోది మాటల్లో అయిపోయింది. మూడోదానికి మాటలు ఆగిపోయాయి. నాలుగోసారి సగం మెట్ల దగ్గర మా మోకాలు మొరాయించింది. దిగేటప్పుడే ఎక్కువ నొప్పి అని ఎవరూ చెప్పలేదు మాకు. నాలుగో టిక్కు పడ్డాక ఆ అక్క పెన్ను మూసి, "ఇంక చాలు మేడం, కూర్చోండి" అంది. మేం "ఫర్వాలేదు, ఇంకొకటి ఎక్కుతాం" అన్నాం. ఆవిడ రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని మా వైపు చూసి నవ్వింది. "ధైర్యంగా ఉన్నారు, తెలుసు. కూర్చోండి" అంది.

కూర్చున్నాం. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థమైంది.

అక్కడ కూర్చుని ఆలోచించాం. ఓర్చుకుని ఓర్చుకుని విరిగిపోయిన మనుషుల కోసం మనం ఓర్పు పందెం పెట్టుకున్నాం. ఇదేం తిరకాసు? తేడా ఎక్కడుంది? మేం ఎక్కిన కొండని మేమే ఎంచుకున్నాం. రోజు మేమే పెట్టుకున్నాం. ప్రతి మలుపు దగ్గరా ఒక పిల్ల నీళ్లు పట్టుకుని నిలబడింది. దిగి వచ్చిన ప్రతిసారీ ఒకరు మా పేరు రాశారు. ఇంక చాలు అని చెప్పే మనిషి ఉంది. ఆశా అక్క ఎక్కే కొండకి వీటిలో ఏదీ లేదు. రాత్రి ఫోన్ వస్తే లేవాలి. నీళ్లిచ్చేవాళ్లు లేరు, పేరు రాసేవాళ్లు లేరు, చాలు అనేవాళ్లు అసలే లేరు. ఓర్పు చెడ్డది కాదు. దాని పక్కన ఒక మనిషి లేకపోవడం చెడ్డది.

సాయంత్రం చీకటి పడేసరికి 46 రౌండ్లు అయ్యాయి. అందరికన్నా ఎక్కువ, 9 సార్లు ఎక్కింది ఆ డిగ్రీ పిల్లే. మిగతా నాలుగు పూర్తి చేస్తామని కుర్రాళ్లు పట్టుబట్టారు. చీకట్లో మెట్ల మీద వద్దని ఏఎన్ఎం ఆపింది. ఆగాం. 50 అని చెప్పి 46 దగ్గర ఆగినందుకు మాకు సిగ్గు లేదు.

ఇప్పుడు లెక్క చెబుతాం. లెక్క చెప్పకుండా చందా గురించి మాట్లాడకూడదు. రౌండుకి 10 రూపాయల చొప్పున మాట ఇచ్చినవాళ్లు 84 మంది. 46 రౌండ్లకి ఒక్కొక్కరు 460 రూపాయలు. ఇచ్చినవాళ్లు 78 మంది, 35,880 రూపాయలు. ఇవ్వని ఆరుగురి పేర్లు చదవం, కష్టాలు ఎవరికి లేవు. హాస్టల్ పిల్లలు తమంతట తాము డబ్బాలో వేసిన చిల్లర 1,145. మొత్తం 37,025 రూపాయలు. ఆరు నెలల్లో ఖర్చు 24,300. బ్యాంకులో మిగిలింది 12,725. ఖాతా ముగ్గురి పేరు మీద ఉంది, ఇద్దరి సంతకం లేకుండా పైసా రాదు. రసీదుల ఫైలు ఇక్కడే బల్ల మీద ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఇంత గట్టిగా ఎందుకంటే, ఆ టామ్ తాత కథకి రెండో భాగం ఉంది. 2020లో వచ్చిన పెద్ద సొమ్ము చేరాల్సిన చోటికి చేరింది. కానీ తరవాత ఆయన పేరుతో పెట్టిన వేరే సంస్థ నిర్వహణలో తప్పులు జరిగాయని అక్కడి చారిటీ కమిషన్ 2024లో తేల్చింది. తాత నడకలో తప్పు లేదు. అయినా పేరుకి మచ్చ పడింది. మన దగ్గర ఆ మచ్చ పడితే నష్టపోయేది మనం కాదు, రేపు సాయం అడగాల్సిన ఇంకో అక్క.

ఇంక నెలకొక పూట సమావేశం. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. ఎవరి రిజిస్టరు ఎంత లావు అని పోల్చుకుని నవ్వుకుని, భోంచేసి వెళ్లిపోయారు. డబ్బు దండగేమో అనుకున్నాం. కౌన్సెలరమ్మ మాత్రం, "నవ్వారు కదా, వస్తారు" అంది. రెండో నెల ఒకావిడ, రాత్రి ఫోన్ మోగితే గుండె దడ వస్తోందని చెప్పింది. పక్కనున్న ఇద్దరు "నాకూ" అన్నారు. మూడో నెల ఇంకొకావిడ అసలేమీ చెప్పకుండా గంటసేపు ఏడ్చింది, ఎవరూ ఆపలేదు. ఇద్దరికి డాక్టరు అవసరమైంది, తోడు వెళ్లారు. ఆ గదిలో ఆఫీసర్లు ఉండరు, ఫోటోలు ఉండవు, రిజిస్టర్లు బయట పెట్టి రావాలి. అక్కడ విన్నది అక్కడే. మాకు కూడా లోపలికి ప్రవేశం లేదు, మేం అన్నం వండి బయట కూర్చుంటాం. ఈ సంగతులు కూడా వాళ్లు చెప్పమన్నంత మేరకే చెప్పాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు నర్సింగ్ చదువుతున్నారు, కొందరు ఫార్మసీ, కొందరు 108లో చేరాలనుకుంటున్నారు. రేపు ఆ వరండాలో కూర్చునేది మీరే కావచ్చు. అందుకే వినండి.

మీ ఊరి ఆశా, ఏఎన్ఎం, అంగన్వాడీ అక్క వారాల తరబడి సరిగా నిద్రపోకపోయినా, తినకపోయినా, ఎప్పుడూ లేనంత చిరాకు పడినా, మనుషుల్ని తప్పించుకు తిరిగినా, నేను లేకపోతే బాగుండు లాంటి మాట అన్నా, తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చోండి. "ఎలా ఉన్నావక్కా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఉండండి. మా లాగా బస్సు టైము చెప్పకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. ప్రమాదంగా ఉంటే ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు మొదలైంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్లు తీసి ఇప్పుడే రాసుకోండి, మేం ఆగుతాం.

రాసుకున్నారా? మంచిది.

మీ ఊళ్లో కూడా ఇలాంటిది చేస్తామంటే మా దగ్గరికి రండి. మీ కొండ మీరే ఎంచుకోండి. సంత నుంచి ఊరిదాకా నడవండి, చెరువు చుట్టూ తిరగండి, రాత్రంతా థింసా ఆడండి, అది కూడా చిన్న ఓర్పు కాదు. 18 నిండనివాళ్లని కష్టం పనికి పెట్టకండి. నీళ్లు, నీడ, బీపీ మిషను చూసుకోండి. ఎవరి కోసం చేస్తున్నారో వాళ్లని ముందు అడగండి, వాళ్ల ఫోటో, వాళ్ల కథ చందా కోసం అమ్మకండి. వచ్చిన డబ్బు లెక్క అందరి ముందు చదవండి. ఆగాల్సినప్పుడు ఆగండి.

ఈ ఏడు కార్తీకం అయ్యాక మళ్లీ పద్మనాభం ఎక్కుతాం. ఈసారి ఆ అక్క కింద కూర్చోనంది, తను కూడా ఎక్కుతానంది. ఎన్నిసార్లని అడిగితే, "ఒక్కసారి చాలు మేడం, నాకు రోజూ కొండే కదా. పైకెళ్లి కాసేపు కూర్చుని గోస్తనీ చూస్తాను" అంది. రిజిస్టరు రాసే పని మాకు అప్పగించింది. ఆ రిజిస్టర్లో మొదటి వరసలో ఆవిడ పేరు రాసి, ఎదురుగా ఒక్క గడి గీసి ఉంచాం. మీ పేర్లకి కింద చాలా చోటు ఉంది.

సెలవు. థింసా వాళ్లు రావచ్చు.